ఆణిమాండవ్యుని ప్రశ్న: నేరస్థ జాతుల చట్టం, శాసన పరిశీలన, బాధితుని నిర్వచనం

ఉపోద్ఘాతం

శ్రీహరికోట అనగానే నేటి పాఠకునికి స్ఫురించేది రాకెట్ ప్రయోగ కేంద్రం. 1969లో ఆ స్థలాన్ని ఎంపిక చేయడం, 1971 అక్టోబరు 9న తొలి రోహిణి సౌండింగ్ రాకెట్‌ను ప్రయోగించడం, 2002లో కేంద్రానికి సతీశ్ ధవన్ పేరు పెట్టడం అందరికీ తెలిసిన విషయాలు. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న ఆ దీవికి అంతకు పూర్వపు చరిత్ర కూడా ఉంది. 1835లో కంపెనీ ప్రభుత్వం దీవిని తన అధీనంలోకి తెచ్చుకునే నాటికి అక్కడి అడవిలో యానాదులు నివసిస్తున్నారు. తేనె, మైనం, చిరివేరు వంటి అటవీ ఫలసాయాన్ని వారు సేకరించి ఇవ్వడం, ప్రభుత్వం బదులుగా ధాన్యమో బట్టో పొగాకో ఇవ్వడం అన్న ఏర్పాటు అక్కడ చాలాకాలం సాగింది. ఎడ్గర్ థర్స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాలలో ఈ వృత్తాంతం కనిపిస్తుంది.

దీవిలో యానాదికి ప్రభుత్వం సంరక్షక స్థానంలో ఉంది. దీవి దాటి నెల్లూరు మైదానంలోకి వస్తే, కొంతకాలానికి అదే జాతి పేరు పోలీసు రిజిస్టరులోకి ఎక్కింది. శ్రీహరికోట యానాదులందరూ నేరస్థులుగా నమోదయ్యారని దీని అర్థం కాదు. నోటిఫికేషన్లు ప్రాంతాన్ని బట్టి, వర్గాన్ని బట్టి వెలువడ్డాయి. అయితే పేరు ఒకటే. ఒక చోట ఆ పేరుకు అంటిన అనుమానం మరొక చోట ఆ పేరుగల వ్యక్తిని వెంటాడకుండా ఉండదు.

ఒక చట్టం ఒక జనసమూహానికి అన్యాయం చేసిందని శాసనసభ గుర్తించి ఆ చట్టాన్ని రద్దు చేస్తే, ఆ సమూహం పట్ల శాసనసభకున్న నైతిక బాధ్యత అంతటితో తీరుతుందా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. తీరదని, రద్దు వేరు, అన్యాయాన్ని అంగీకరించడం వేరు అని ఇక్కడి ప్రతిపాదన. బాధితుడు అన్న పదానికి మన న్యాయవ్యవస్థ ఇచ్చిన నిర్వచనంలోనే ఈ రెండింటికీ నడుమనున్న అంతరం దాగి ఉంది.

మాండవ్యోపాఖ్యానంలోని రెండు తప్పులు

మహాభారతం ఆదిపర్వంలోని మాండవ్యోపాఖ్యానం తెలుగు పాఠకులకు సుపరిచితం. మౌనవ్రతంలో ఉన్న మాండవ్యుని ఆశ్రమంలో దొంగలు సొత్తు దాచి తామూ దాక్కుంటారు. రాజభటులు అడిగితే ముని పలకడు. సొత్తు దొరికిన చోట ఉన్నాడు కాబట్టి, అడిగితే బదులివ్వలేదు కాబట్టి అతడూ దొంగే అని నిర్ణయించి శూలం వేస్తారు. అతడు చనిపోడు. రాజు తన పొరపాటు తెలుసుకుని వచ్చి క్షమాపణ వేడి శూలం నుంచి దింపిస్తాడు. అయితే శరీరంలో దిగిన శూలపు మొన బయటకు రాదు. దానిని కోసివేయగా లోపల మిగిలిన ముక్కతోనే ముని జీవిస్తాడు. ఆణిమాండవ్యుడు అన్న పేరు అందువల్లనే వచ్చింది.

ఈ కథలో మాండవ్యుడు రాజును క్షమిస్తాడు. ధర్మదేవతను మాత్రం క్షమించడు. తనకీ శిక్ష ఏ పాపానికి అని అడుగుతాడు. బాల్యంలో పురుగులను గడ్డిపోచతో గుచ్చిన దానికని సమాధానం వస్తుంది. అంత చిన్న తప్పుకు, అదీ తెలియని వయసులో చేసిన దానికి, ఇంత శిక్ష విధించే నియమమే అన్యాయమని ముని నిర్ణయిస్తాడు. పద్నాలుగేళ్ల లోపు చేసినది పాపం కాదని కొత్త మర్యాద నెలకొల్పుతాడు. ధర్ముడు మానవ జన్మ ఎత్తి విదురుడు కావలసి వస్తుంది.

కథ రెండు రకాల తప్పులను వేరు చేస్తుంది. రాజు చేసినది తీర్పులోని తప్పు: నియమం సరైనదే, వ్యక్తి తప్పు. ధర్ముడు చేసినది శాసనంలోని తప్పు: వ్యక్తి ఎవరైనా నియమమే తప్పు. మొదటి దానికి విడుదల, క్షమాపణ సరిపోవచ్చు. రెండవ దానికి కథ మూడు పరిహారాలు చూపిస్తుంది. శాసనకర్తను నిలదీసే హక్కు బాధపడినవానికి ఉంది. నియమం మారుతుంది. శాసనకర్త కూడా ఫలితం అనుభవిస్తాడు. నేరస్థ జాతుల చట్టం రెండవ రకపు తప్పు. స్వతంత్ర భారత శాసనవ్యవస్థ ఈ మూడింటిలో ఒక్క దానిని, నియమం మార్చడాన్ని మాత్రమే చేసింది. ముందుగా ఆ నియమం ఏమిటో చూడాలి.

పుట్టుకే సాక్ష్యం

1871లో తొలి నేరస్థ జాతుల చట్టం ఉత్తర భారతంలోని కొన్ని ప్రాంతాలకు వర్తించింది. 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రం కూడా దాని పరిధిలోకి వచ్చింది. 1924లో ఈ శాసనాలను క్రోడీకరించారు. వడ్రంగం తండ్రి నుంచి కొడుక్కు వచ్చినట్లే దొంగతనమూ వంశపారంపర్య వృత్తిగా వస్తుందన్నది దీని వెనుకనున్న తర్కం. కులవ్యవస్థను వృత్తి పట్టికగా మాత్రమే చూసిన పాలకులకు ఇది సహజంగానే తోచింది.

చట్టం పనితీరు సరళం. ఒక జాతిని, ముఠాను లేదా ఒక తరగతి మనుషులను నేరస్థులుగా ప్రభుత్వం ప్రకటిస్తుంది. ఆ జాతిలో పుట్టినవారి పేర్లు, వేలిముద్రలు నమోదవుతాయి. నమోదైనవారు నిర్ణీత వేళల్లో హాజరు పలకాలి. నివాసం మారితే తెలియజేయాలి. ఆజ్ఞ ఉంటే హద్దు దాటరాదు. వారిని సెటిల్‌మెంట్లకు తరలించవచ్చు, పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి పాఠశాలల్లో ఉంచవచ్చు. నోటిఫికేషన్ చెల్లుతుందా లేదా అన్నది న్యాయస్థానాలు ప్రశ్నించరాదు. అంటే మౌనవ్రతం పట్టకపోయినా ఈ మాండవ్యునికి మాట్లాడే చోటు లేదు.

యానాది జీవనానికి ఈ నిబంధనలను వర్తింపజేస్తే వాటి స్వభావం తేటపడుతుంది. చేపలు పట్టడం, పొలంగట్లలో ఎలుకలను పట్టడం, తేనె తీయడం, వేర్లు తవ్వడం వారి బతుకుతెరువులు. ఇవన్నీ తిరుగాడితేనే సాగే పనులు. హద్దు దాటడం నేరమైతే ఆహారం వెదుక్కోవడమే నేరమవుతుంది. హాజరుకు అందకపోవడానికి శిక్ష పడుతుంది. ఆ శిక్ష రికార్డులోకి ఎక్కి, ఈ జాతి నేరస్వభావం గలదే అనడానికి రుజువుగా నిలుస్తుంది. చట్టం తన సాక్ష్యాన్ని తానే తయారు చేసుకుంది. ఇంకొక వైపు ఇదే యానాదులను పల్లెల్లో పొలాలకు, తోటలకు కావలివారుగా నియమించుకునే అలవాటు ఉంది. రైతు తన పంటను అప్పగించిన మనిషినే రాజ్యం దొంగగా రాసుకుంది.

తెలుగు నేలపై సెటిల్‌మెంట్ల చరిత్రలో స్టువర్టుపురం ప్రసిద్ధం. 1913 ప్రాంతంలో ఎరుకల కుటుంబాల కోసం సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో వెలసిన ఆ ఊరికి గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్టు పేరు పెట్టారు. నెల్లూరు జిల్లాలో కావలి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. అదే జిల్లాలోని కప్పరాళ్లతిప్పలోనూ సెటిల్‌మెంటు ఉండేది. ఇక్కడ శిక్ష, సంస్కరణ, మతసేవ, కూలిపని కలగలిసిపోయాయి. బడి ఉంది, పని ఉంది, ఇల్లు ఉంది. బయటకు వెళ్లాలంటే అనుమతి కావాలి. నేరం రుజువు కాని మనిషికి, శిక్షాకాలం నిర్ణయం కాని చెర అది.

రద్దు ఎలా జరిగింది

న్యాయస్థానం తలుపులు మూసి ఉన్నప్పుడు చట్టాన్ని ప్రశ్నించగల స్థలం శాసనసభ ఒక్కటే. ఈ విషయంలో తెలుగువారి పాత్ర గణనీయం. నెల్లూరు జిల్లాకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల మధ్య దీర్ఘకాలం పనిచేశారు. టంగుటూరి ప్రకాశం మంత్రివర్గంలో పార్లమెంటరీ కార్యదర్శిగా ఉన్నారు. నేరస్థ జాతుల చట్టం రద్దు కోసం కృషి చేసినవారిలో ఆయన ముఖ్యులు. 1962లో వెలువడిన ఆయన యానాదుల గ్రంథం ఆ జాతిపై నేటికీ ఆధార రచన. మద్రాసు శాసనవ్యవస్థ 1947లో తన రాష్ట్రం మేరకు ఈ చట్టాన్ని రద్దు చేసింది.

కేంద్రంలో 1949లో ఏర్పాటైన విచారణ సంఘానికి తిరుచానూరుకు చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షత వహించారు. ఆయన తరువాతి కాలంలో లోక్‌సభ స్పీకరు అయ్యారు. 1950లో ఇచ్చిన నివేదికలో సంఘం చట్టాన్ని రద్దు చేయాలని, దాని స్థానంలో కులంతోనూ పుట్టుకతోనూ సంబంధం లేకుండా అలవాటుపడ్డ నేరస్థులందరికీ వర్తించే శాసనం తేవాలని, ఈ జాతుల అభ్యున్నతికి నిధులు కేటాయించాలని సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న రద్దు అమలులోకి వచ్చింది. విముక్త జాతులు ఆ రోజును నేటికీ విముక్తి దినంగా పాటిస్తున్నాయి.

ఈ పరిశీలనను చిన్నచూపు చూడడం న్యాయం కాదు. పుట్టుకను బట్టి నేరాన్ని నిర్ణయించడం రాజ్యాంగ స్ఫూర్తికి విరుద్ధమని గుర్తించడం గొప్ప విషయమే. అయినా సంఘం ముందున్న ప్రశ్న రూపాన్ని గమనించాలి. ఈ చట్టం ఉండాలా, సవరించాలా, తీసివేయాలా అన్నది ఆ ప్రశ్న. ఈ చట్టం ఎవరికి ఏ హాని చేసింది, ఆ హానికి జవాబుదారీ ఎవరు అన్నది కాదు. మొదటిది భవిష్యత్తును గురించిన విధాన ప్రశ్న. రెండవది గతాన్ని గురించిన న్యాయ ప్రశ్న. రెండవ ప్రశ్న అడగకుండానే మొదటిదానికి సరైన సమాధానం చెప్పవచ్చు. అదే జరిగింది.

మిగిలిన ఆణి

న్యాయ ప్రశ్న అడగకపోవడం వల్ల కలిగిన ఫలితం కేవలం తాత్త్వికమైనది కాదు. మద్రాసులో రద్దు వెన్నంటే 1948లో అలవాటుపడ్డ నేరస్థుల నియంత్రణ చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో అలవాటుపడ్డ నేరస్థుల చట్టం వచ్చింది. వీటి భాషలో జాతి లేదు, వ్యక్తి మాత్రమే ఉన్నాడు. కానీ పాత చట్టం కింద హాజరు తప్పినందుకు పడిన శిక్షలు ఎవరి రికార్డులో ఎక్కువగా ఉంటాయో ఊహించడం కష్టం కాదు. తటస్థమైన నియమాన్ని పక్షపాతంతో తయారైన రికార్డుపై వర్తింపజేస్తే తటస్థత మిగలదు. ఐక్యరాజ్యసమితి జాతి వివక్షా నిర్మూలన సంఘం 2007లో ఈ చట్టాలను రద్దు చేయాలని భారతదేశాన్ని కోరింది.

జైళ్ల నియమావళిలో ఈ ఆణి మరింత స్పష్టంగా కనిపించింది. సుకన్యా శాంత కేసులో 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఖైదీలకు కులాన్ని బట్టి పని పంచే నిబంధనలను, సంచార జాతులకూ నేరస్థ జాతులకూ చెందినవారిని ప్రత్యేకంగా పేర్కొనే నిబంధనలను రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది. ఖైదీల రిజిస్టర్లలోని కులం గడిని తొలగించాలని, మూడు నెలల్లో నియమావళులను సవరించాలని ఆదేశించింది. పరిశీలనకు వచ్చిన నియమావళుల్లో 1979 నాటి ఆంధ్రప్రదేశ్ కారాగార నియమాలు కూడా ఉన్నాయి. చట్టం రద్దయిన 27 ఏళ్లకు రూపొందిన నియమాలలో రద్దయిన చట్టం భాష నిలిచి ఉంది. మరో 45 ఏళ్లు ఎవరూ దానిని తీసివేయలేదు.

ఇది శాసన పరిశీలన వైఫల్యం. రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం జైళ్లు రాష్ట్రాల జాబితాలోని అంశం. నియమాలు రూపొందించేది ప్రభుత్వ శాఖ. వాటిని పరిశీలించడానికి శాసనసభల్లో అనుబంధ శాసనాల సంఘాలు ఉన్నాయి. పార్లమెంటులో హోం వ్యవహారాల స్థాయీ సంఘం 2023 సెప్టెంబరులో జైళ్ల స్థితిగతులపై తన 245వ నివేదిక సమర్పించింది. కిక్కిరిసిన జైళ్లు, విచారణ ఖైదీల దుస్థితి, సిబ్బంది కొరత అందులో చర్చకు వచ్చాయి. ఇవన్నీ అవసరమైన చర్చలే. అయినా నియమావళిలోని పాత మాటను రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది ఏ శాసనసభా కాదు. ఒక పత్రికా రచయిత్రి జైళ్లపై పరిశోధించి రాసి, ఆపై వేసిన వ్యాజ్యం వల్ల అది న్యాయస్థానంలో తేలింది. 1952లోనే శాసనసభలు దీనిని అన్యాయంగా నమోదు చేసి ఉంటే, తమ ముందుకు వచ్చే ప్రతి నియమంలోనూ దాని ఆనవాళ్లను వెదకవలసిన బాధ్యత వాటిపై ఉండేది. కాలం చెల్లిన విధానంగా మాత్రమే భావించినందువల్ల వెదకలేదు.

భాషలోనూ ఆణి మిగిలింది. ‘మాజీ నేరస్థ జాతులు’ అన్న పదబంధంలో ‘మాజీ’ అన్న విశేషణం ఒకప్పుడు వారు నేరస్థులే అని ఒప్పుకుంటుంది. ‘విముక్త జాతులు’ అన్నది మెరుగైన మాట, కానీ అది విడుదల చేసినవాని ఔదార్యాన్ని చెబుతుందే తప్ప బంధించినవాని తప్పును చెప్పదు. స్టువర్టుపురం పేరు తెలుగు వాడుకలో దొంగతనానికి పర్యాయపదంగా స్థిరపడింది. 1991లో ఆ పేరుతో సినిమా కూడా వచ్చింది. ఒక ఊరి పేరును నిందగా వాడే భాషాసమాజం, రద్దయిన నోటిఫికేషన్‌ను తన నోటితో పునరుద్ధరిస్తూనే ఉంటుంది.

బాధితుడు ఎవరు?

నేర విచారణ ప్రక్రియా స్మృతిలో 2009 నుంచి బాధితునికి నిర్వచనం ఉంది. నిందితుని చర్య వల్ల గానీ, చేయవలసినది చేయకపోవడం వల్ల గానీ నష్టమో గాయమో పొందిన వ్యక్తి బాధితుడు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా నిందితుని ప్రస్తావనతోనే బాధితుని నిర్వచిస్తుంది. పరిహారానికి పాత స్మృతిలోని 357ఎ, కొత్త సంహితలోని 396 విభాగాలు వీలు కల్పిస్తాయి. నేరస్థుడు దొరకకపోయినా బాధితుడు పరిహారం కోరవచ్చునన్నది వీటిలోని ఉదారమైన అంశం. అయినా ఎక్కడో ఒక నేరస్థుడు ఉన్నాడన్న ఊహ తప్పనిసరి.

గాయపరచినది చట్టమే అయితే ఈ నిర్వచనం మౌనం వహిస్తుంది. చట్టబద్ధంగా జరిగినది నేరం కాదు. నేరం లేనిచోట నిందితుడు లేడు. నిందితుడు లేనిచోట బాధితుడూ లేడు. షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం ఒక అడుగు ముందుకు వేసింది. ఈ వర్గాల వ్యక్తిపై దురుద్దేశంతో తప్పుడు కేసు పెట్టడాన్ని 1989 నాటి ఆ చట్టం అత్యాచారంగా గుర్తిస్తుంది. యానాదులు షెడ్యూల్డు తెగ కాబట్టి నేడు ఒక యానాదిపై అటువంటి కేసు పెడితే అతడు బాధితుడు. ఒక వ్యక్తిపై ఒక తప్పుడు ఆరోపణ అత్యాచారమైతే, మొత్తం సమూహంపై రాజ్యమే మోపిన ఆరోపణ ఏమవుతుంది? చట్టం వద్ద దీనికి పేరు లేదు.

పేరు లేనందువల్ల రాజ్యం ఇచ్చే సహాయానికి స్వభావం మారిపోయింది. 2022 ఫిబ్రవరిలో కేంద్రం విముక్త, సంచార జాతుల కోసం అయిదేళ్లకు 200 కోట్ల రూపాయలతో సీడ్ పథకం ప్రారంభించింది. ఇప్పటికే షెడ్యూల్డు కులాల, తెగల, వెనుకబడిన తరగతుల జాబితాల్లో ఉన్నవారు దాని పరిధిలోకి రారు. పేదరికాన్ని తగ్గించే పథకంగా చూస్తే ఈ మినహాయింపు సమంజసమే: ఇప్పటికే ఒక ఆసరా ఉన్నవారికి మరొకటి ఎందుకు? పరిహారంగా చూస్తే ఇది అర్థరహితం. గాయపడినవానికి వేరే కారణంతో ఉపకార వేతనం వస్తోంది కాబట్టి గాయానికి పరిహారం అక్కరలేదని ఎవరూ అనరు. సంక్షేమం అవసరాన్ని కొలుస్తుంది, పరిహారం అన్యాయాన్ని కొలుస్తుంది. ఒకటి మరొకదానికి బదులు కాజాలదు.

కొన్ని ఆక్షేపణలు

ఈ వాదనపై మూడు ఆక్షేపణలు రావచ్చు. సెటిల్‌మెంట్లు సదుద్దేశంతో నడిచాయని, చదువునూ పనినీ ఇచ్చాయని మొదటిది. సదుద్దేశం గలవారు అక్కడ ఉండి ఉండవచ్చు. అయితే చదువు ఇవ్వడానికి నేరస్థుడన్న ముద్ర అవసరం లేదు. ముద్ర వేసి ఇచ్చిన చదువు, ముద్రను సమర్థించే సాకుగా మారుతుంది.

పరపాలకుల చట్టానికి స్వతంత్ర భారత శాసనసభ ఎందుకు జవాబు చెప్పాలన్నది రెండవది. రాజ్యం ఆస్తులను వారసత్వంగా స్వీకరించినప్పుడు అప్పులను కాదనలేదు. పైగా 1947 ఆగస్టు నుంచి 1952 ఆగస్టు వరకు దేశంలోని ఇతర ప్రాంతాల్లో ఈ చట్టాన్ని అమలు చేసినది స్వతంత్ర రాజ్యమే. 1979 నాటి నియమాలు పూర్తిగా మనవే.

మూడవది బలమైనది. అనుభవించినవారిలో అత్యధికులు గతించారు, నేటి తరం నుంచి నేటి తరానికి పరిహారం ఏమిటన్నది. దీనికి ఇతర దేశాల అనుభవం కొంత సమాధానం ఇస్తుంది. తల్లిదండ్రుల నుంచి వేరు చేసిన ఆదివాసీ పిల్లల తరాలకు ఆస్ట్రేలియా పార్లమెంటులో 2008 ఫిబ్రవరి 13న ప్రధాని క్షమాపణ చెప్పారు. బ్రిటన్‌లో కంప్యూటరు వ్యవస్థ లోపం వల్ల దొంగలుగా శిక్షలు పడిన పోస్టాఫీసు నిర్వాహకుల శిక్షలను 2024 మేలో పార్లమెంటు ప్రత్యేక శాసనంతో రద్దు చేసింది. వారికి పరిహారం అందే మార్గం కూడా ఏర్పడింది. మొదటిది గతించినవారి తరఫున చేసిన అంగీకారం, రెండవది బతికి ఉన్నవారికి చేసిన సవరణ. శాసనసభ తలచుకుంటే చట్టం వల్ల, చట్టబద్ధమైన తీర్పు వల్ల గాయపడినవారిని బాధితులుగా గుర్తించగలదని రెండూ చూపిస్తున్నాయి. నష్టాన్ని రూపాయల్లో లెక్కకట్టలేకపోవడం అన్యాయాన్ని ఒప్పుకోకపోవడానికి కారణం కాజాలదు.

ముగింపు

రద్దు ద్వారా శాసనసభ ఇకపై ఈ తప్పు చేయనని చెప్పింది. ఇంతకాలం చేసినది తప్పు అని చెప్పడం మిగిలి ఉంది. ఆ రెండవ మాట నుంచి కొన్ని నిర్దిష్టమైన బాధ్యతలు పుడతాయి. జైళ్లు రాష్ట్రాల అంశం కనుక ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలు న్యాయస్థానం ఆదేశానికి పరిమితం కాకుండా, పోలీసు నియమావళి నుంచి జైలు రిజిస్టరు వరకు తమ అనుబంధ శాసనాలన్నింటిలో ఈ పాత అనుమానపు భాషను వెదికి తొలగించాలి. 1962 నాటి అలవాటుపడ్డ నేరస్థుల చట్టం నేటికీ అవసరమా అన్నది సభలో చర్చించాలి. ఆ చర్చకు పోలీసు అధికారులతో పాటు యానాది, ఎరుకల ప్రతినిధులను సాక్షులుగా పిలవాలి. బాధితుల పరిహార పథకాల్లో, జాతి పేరును బట్టి అనుమానించి అక్రమంగా నిర్బంధించిన వ్యక్తికి స్థానం కల్పించాలి. సంక్షేమ పథకాలు వీటికి అదనంగా కొనసాగాలి.

మాండవ్యుడు ధర్ముని ముందు నిలబడి ధనం కోరలేదు. ఏ తప్పుకు ఈ శిక్ష అని అడిగాడు. ధర్ముడు సమాధానం చెప్పవలసి వచ్చింది, ఆ సమాధానం చాలదని తేలాకనే నియమం మారింది. తాతల పేర్లు ఏ తప్పుకు రిజిస్టరుకు ఎక్కాయని నెల్లూరు తీరంలోని ఒక యానాది అడిగితే, అడిగే హక్కు అతనికి ఉందని ఒప్పుకుని బదులు చెప్పవలసిన స్థానం శాసనసభది. 1952 నాటి శాసనం ఆ ప్రశ్నను విననే లేదు.